దగ్గు రాకముందు తీసే బొమ్మ

అక్క: ముందు నీ వ్యాను సంగతి తేల్చు తమ్ముడూ. సి.టి. యంత్రం ఉన్న వ్యాను తెచ్చి మన తిరుత్తణి వైపు ఆర్.కె.పేటలో నిలబెట్టాలి, యాభై దాటి బీడీ తాగేవాళ్లందరినీ పిలిచి ఊపిరితిత్తులు చూడాలి అంటావు. ఏ బాధా లేదని పనికి పోయేవాణ్ణి ఆపి, పిలిచి మరీ జబ్బు వెతకడం దేనికి?

తమ్ముడు: బాధ లేనప్పుడు వెతికితేనే ఈ జబ్బు పట్టుబడుతుందక్కా. ఊపిరితిత్తికి లోపల నొప్పి తెలియదు. గడ్డ పెరిగి శ్వాసనాళానికో, ఛాతీ గోడకో తగిలేదాకా మనిషి మామూలుగానే తిరుగుతుంటాడు. దగ్గు వస్తుంది కదా అంటావేమో, బీడీ తాగేవాడికి దగ్గు కొత్తా? ఇరవై ఏళ్లుగా తెల్లవారుజామున దగ్గుతున్నవాడు ఇవాళ్టి దగ్గు వేరే దగ్గని ఎట్లా కనిపెడతాడు? 2022 అంచనాల్లో మన దేశంలో ఊపిరితిత్తుల కేన్సర్ కొత్తగా వచ్చినవాళ్లు 81 వేల పైచిలుకు. అదే ఏడాది దీనితో పోయినవాళ్లు 75 వేలు. ఆ రెండంకెలు పక్కపక్కన పెట్టుకుని చూడు.

అక్క: చూశాను. వచ్చినవాళ్లలో దక్కేది చాలా కొద్దిమంది. అందులో నాకు అనుమానం లేదు. నువ్వు బొమ్మ ముందుగా తీస్తే వాళ్లు దక్కుతారన్న రుజువు అడుగుతున్నాను. ముందుగా తెలిసినంత మాత్రాన చావు వెనక్కి పోదు. ఒక్కోసారి, తెలిసిన రోజు ముందుకు జరుగుతుంది, పోయే రోజు అక్కడే ఉంటుంది. మనిషి భయంతో బతికే కాలం మాత్రం పెరుగుతుంది.

తమ్ముడు: సరైన ప్రశ్న. దానికోసమే బతికిన ఏళ్లు లెక్కపెట్టకుండా చావులు లెక్కపెట్టారు. అమెరికాలో 2002 నుంచి 53,454 మందిని చేర్చుకున్నారు. అందరూ 55 నుంచి 74 ఏళ్లవాళ్లు, ఏళ్ల తరబడి సిగరెట్లు తాగినవాళ్లు. చీట్లు వేసినట్టు రెండు గుంపులు చేసి, ఒక గుంపుకు ఏటా ఒకటి చొప్పున మూడుసార్లు తక్కువ మోతాదు సి.టి., ఇంకో గుంపుకు మామూలు ఎక్స్‌రే తీశారు. 2011లో ఫలితం వచ్చింది. సి.టి. గుంపులో ఈ కేన్సర్ చావులు 20 శాతం తగ్గాయి. 2020లో నెదర్లాండ్స్, బెల్జియం వాళ్ల నెల్సన్ పరిశోధన వచ్చింది. అందులో పదేళ్లు గమనిస్తే మగవాళ్లలో 24 శాతం తగ్గాయి. రేడియేషన్ భయం కూడా పెట్టుకోకు. ఈ స్కాన్ ఒక్కదాని మోతాదు సుమారు 1.5 మిల్లీసీవర్టులు. నేల నుంచి, ఆకాశం నుంచి మనిషి మీద ఏడాదంతా పడేదాని కంటే తక్కువ.

అక్క: అంత ఖర్చు దేనికి, మన ఆస్పత్రుల్లో ఉన్న ఎక్స్‌రేతోనే ఏటా చూడొచ్చు కదా అని ఎవరైనా అడుగుతారు.

తమ్ముడు: అడిగారు, చేసి చూశారు కూడా. 1970లలో అమెరికాలో మేయో క్లినిక్ వాళ్లు నాలుగు నెలలకోసారి ఎక్స్‌రే, కళ్లె పరీక్ష చేశారు. చావులు తగ్గలేదు. తర్వాత లక్షన్నర మందితో ఇంకా పెద్ద పరిశోధన చేశారు. 2011లో దాని జవాబూ అదే. చిన్న గడ్డ ఎక్స్‌రేలో పక్కటెముక వెనక, గుండె నీడలో దాక్కుంటుంది. కాబట్టి కేన్సర్ వెతకడానికి ఏటా ఎక్స్‌రే తీయించుకోవడం డబ్బు దండగ. ఆ మాట నేనే చెబుతాను.

అక్క: అయితే సి.టి. గురించి మిగతా సగం నేను చెబుతాను. నీ అమెరికా పరిశోధనలో సి.టి. తీయించుకున్నవాళ్లలో ప్రతి వందమందిలో 39 మందికి మూడేళ్లలో ఎప్పుడో ఒకసారి అనుమానపు మచ్చ ఉందన్నారు. అట్లా అన్నవాటిలో నూటికి 96 కేన్సర్ కాదు. 320 మందికి స్కాన్లు తీస్తే ఒక్కరి చావు తప్పింది. ఆ ఒక్క ప్రాణం విలువ తక్కువని అనను. మిగిలినవాళ్ల సంగతీ ఎవరో ఒకరు పట్టించుకోవాలి కదా. పైగా అది క్షయ దాదాపు లేని దేశం. ప్రపంచంలోని క్షయ రోగుల్లో సుమారు నాలుగో వంతు మన దేశంలోనే ఉన్నారు. తిరుత్తణి, పళ్లిపట్టు, షోళింగర్, ఏ ఊరైనా తీసుకో, యాభై దాటినవాళ్ల ఛాతీలో పాత క్షయ మానిన గుర్తులు ఎన్ని ఉంటాయి? ఆ మచ్చలన్నీ నీ తెర మీద కనిపిస్తాయి. అమెరికాలో నూటికి 39 అయితే మన పక్క ఎంతవుతుంది?

తమ్ముడు: ఎక్కువే అవుతుంది, దాచను. కానీ మచ్చ కనిపించిందంటే సూది పొడిచెయ్యాలని కాదు. ఆ పరిశోధన తర్వాత లెక్క మారింది. ఆరు మిల్లీమీటర్ల కంటే చిన్నదైతే మళ్లీ ఏడాది స్కాన్‌లో చూస్తే చాలు. కాల్షియం పేరుకుని గట్టిపడ్డ పాత క్షయ మచ్చను గుర్తుపట్టడం మా రేడియాలజిస్టులకు కష్టం కాదు. నెల్సన్‌లో మచ్చ వెడల్పు బదులు దాని ఘనపరిమాణం కొలిచి, ఎంత కాలానికి రెట్టింపవుతుందో చూశారు. అనుమానపు స్కాన్లు నూటికి రెండుకు దిగాయి. వాటిలో కూడా దగ్గర దగ్గర సగం నిజంగా కేన్సరే.

అక్క: మీ స్కానింగ్ గదిలో అది లెక్క. మా వీధిలో ఏమవుతుందో విను. మగ్గం మీద కూలికి నేసేవాడికి నువ్వొక కాగితం ఇస్తావు. చిన్న మచ్చ ఉంది, ఏమీ కాకపోవచ్చు, మూడు నెలలకు రా అని. ఏమీ కాకపోవచ్చు అన్న మాట వాడికి వినిపించదు. ఇంట్లో వినిపించేది కేన్సర్ అన్న మాటే. ఆ మూడు నెలలు ఆగకుండా వేలూరుకు ఒకసారి, మద్రాసుకు ఒకసారి పరుగెత్తుతాడు. పోయినప్పుడల్లా కూలి పోతుంది, తోడు వెళ్లినవాడి కూలీ పోతుంది. కూతురి సంబంధం మాట్లాడుతుంటే అది ఆగుతుంది, ఎందుకంటే మన ఊళ్లలో ఇంకా ఇది అంటుకునే జబ్బనో, వంశంలో వచ్చేదనో గుసగుసలు పోలేదు. చివరికి ఏమీ లేదంటావు. నీ పుస్తకంలో అది మంచి ఫలితం. ఆ ఇంటి అప్పు ఏ పుస్తకంలో రాస్తావు? ఉద్యోగం చేసినన్నాళ్లూ ఇంటింటికీ తిరిగినదాన్ని. స్కాన్ చేసే హాని ఎక్కువగా ఆస్పత్రి గేటు బయటే జరుగుతుంది. దాన్ని కొలిచే పరిశోధన చాలా తక్కువ.

తమ్ముడు: దానికి నా దగ్గర అంకె లేదు, ఒప్పుకుంటాను. కానీ అక్కా, కేన్సర్ అన్న మాట రానివ్వకుండా కాపాడతామని మనం కొన్ని తరాలుగా చేసిందేమిటి? ఆ మాట ఇంటికి ఆలస్యంగా వచ్చింది, అంతే. అప్పటికి అది ఎముకకో మెదడుకో పాకి ఉంటుంది. భయం గురించి ఇంత ఆలోచించేదానివి, నాలుగో దశలో ఆ మాట వినే మనిషిని చూడలేదా?

అక్క: చూశాను కాబట్టే మాట్లాడుతున్నాను. ఆ మనిషి నాలుగో దశ దాకా ఎట్లా వచ్చాడో చెబుతాను. మూడు నెలలు దగ్గాడు, మందుల షాపులో టానిక్ కొన్నాడు. తర్వాత ఆస్పత్రికి పోతే కళ్లె పరీక్షలో ఏమీ తేలలేదు. ఎక్స్‌రేలో నీడ ఉంది. మన దేశంలో ఎక్స్‌రేలో నీడ అంటే డాక్టరు నోట మొదట వచ్చేది టి.బి. మాత్రలు మొదలయ్యాయి. ఆరు నెలల కోర్సు. రెండో నెలకు తగ్గలేదు, నాలుగో నెలకు బరువు ఇంకా పోయింది, అయినా కోర్సు పూర్తి చేయించారు. అప్పుడు సి.టి. తీస్తే కేన్సర్. ఇట్లాంటివాళ్లు ఒకరిద్దరు కాదు, నీకు తెలుసు. ఈ మనిషి మన దగ్గరకు తానే నడుచుకుంటూ వచ్చాడు. వచ్చి ఎదురుగా నిలబడ్డవాడికి వేళకు బొమ్మ తీయలేని వ్యవస్థ, రానివాడి కోసం వ్యాను వేసుకుని ఊళ్ల మీదికి పోవడమేమిటి?

తమ్ముడు: దీనికి అడ్డం చెప్పను. రెండు నెలల మాత్రలకు మార్పు లేకపోతే సి.టి. తీయాల్సిందే. తీయకపోవడం తప్పు. కానీ ఆ ఒక్క తప్పు దిద్దినంత మాత్రాన నువ్వు ఆశించేది జరగదు. లక్షణాలతో వచ్చేవాళ్లలో ఎక్కువమంది వచ్చిన రోజుకే మూడో దశలోనో నాలుగో దశలోనో ఉంటారు. నీ దారిలో పోతే వాళ్లకు జబ్బు పేరు నాలుగు నెలలు ముందు తెలుస్తుంది. కోత పెట్టి తీసేసే అవకాశం మాత్రం అప్పటికే పోయి ఉంటుంది.

అక్క: పేరు తెలియడం చిన్న సంగతా? ముక్క తీసి పరీక్ష చేస్తే మన దేశంలో దగ్గర దగ్గర నాలుగో వంతు మందిలో ఈ.జి.ఎఫ్.ఆర్. అనే జన్యువులో మార్పు కనిపిస్తుంది. వాళ్లకు మాత్రలున్నాయి. నయం కాకపోయినా ఇంట్లో కూచుని అన్నం తిని, మనవళ్లతో మాట్లాడే నెలలు, ఒక్కోసారి ఏళ్లు దక్కుతాయి. ఆ మాత్ర మొదలుపెట్టాలన్నా, పనిచేస్తోందో లేదో చూడాలన్నా నీ స్కానే కావాలి. బొమ్మ వద్దని నేనెప్పుడన్నాను? ఎవరికి ముందు అన్నదే నా గొడవ. ఇంకోటి. నీ వ్యానుకు ఎవరిని పిలుస్తావు? బీడీ కట్టకూ సిగరెట్ పెట్టెకూ లెక్క ఎట్లా కుదురుస్తావు? అసలు పొగాకు ముట్టని ఆడవాళ్లకు వస్తోంది కదా. కట్టెల పొయ్యి ముందు సగం జీవితం గడిపినదాన్ని ఏ లెక్కలో వేస్తావు?

తమ్ముడు: ఆ ప్రశ్న తైవాన్ వాళ్లకు మనకంటే ముందు వచ్చింది. అక్కడ ఊపిరితిత్తుల కేన్సర్ వచ్చినవాళ్లలో సగానికి పైగా పొగ తాగనివాళ్లే. 2015 నుంచి, పొగ తాగకపోయినా ఇంట్లో ఎవరికైనా ఈ జబ్బు ఉన్నవాళ్లు, వంట పొగకు గురైనవాళ్లు, ఇట్లా పన్నెండు వేల మందికి స్కాన్ తీశారు. నూటికి 2.6 మందికి కేన్సర్ దొరికింది, దాదాపు అన్నీ మొదటి దశలోనే. 2022లో దాన్ని ప్రభుత్వ కార్యక్రమం చేశారు.

అక్క: అదే తైవాన్ గురించి ఇంకో లెక్క ఉంది, అది కూడా చెప్పు.

తమ్ముడు: చెప్పక తప్పదు. 2004 నుంచి 2018 మధ్య అక్కడి ఆడవాళ్లలో తొలిదశ కేన్సర్లు ఆరు రెట్లు పెరిగాయి. ముదిరిన దశవి మాత్రం తగ్గలేదు. ముందే పట్టి తీసేసినవి ముదిరేవే అయితే ముదిరినవి తగ్గాలి కదా. తగ్గలేదంటే, పట్టుకున్నవాటిలో చాలా భాగం ఎన్నటికీ ముదరనివే కావచ్చు.

అక్క: కొరియాలో థైరాయిడ్‌కు జరిగింది అదే. గొంతు మీద అల్ట్రాసౌండ్ పెట్టి వెతకడం మొదలుపెడితే 1993 నుంచి 2011కి కేన్సర్లు పదిహేను రెట్లయ్యాయి. చావులు ఉన్నచోటే ఉన్నాయి. వేలమంది గొంతు కోయించుకుని జీవితాంతం మాత్రలు మింగుతున్నారు.

తమ్ముడు: థైరాయిడ్‌నూ ఊపిరితిత్తినీ ఒక గాటన కట్టకక్కా. థైరాయిడ్ గడ్డ ఎక్కువగా ఉన్నచోటే పడుంటుంది. ఊపిరితిత్తి గడ్డ చంపుతుంది. అమెరికా పరిశోధనలో కూడా మొదట, స్కాన్‌లో దొరికిన కేన్సర్లలో నూటికి 18 అనవసరంగా పట్టుకున్నవి అన్నారు. ఇంకా ఎక్కువ ఏళ్లు గమనించేసరికి ఆ అంకె మూడుకు దిగింది. అయితే అది పొగ తాగేవాళ్ల లెక్క, కాబట్టి నేను గీత అక్కడే గీస్తాను. పొగ తాగనివాళ్లను ఇప్పుడు పిలవను. బీడీవాళ్లను పిలుస్తాను.

అక్క: కట్టెల పొయ్యి ముందు కూచున్నదాన్ని వదిలేశావు.

తమ్ముడు: రుజువు లేనిచోట ఆగాను. నువ్వు నన్ను అడిగేదీ అదే కదా.

అక్క: సరే, బీడీవాడి దగ్గరికే రా. వ్యాను ఖర్చు బీడీ మాన్పించడానికి పెడితే ఎన్ని ప్రాణాలు దక్కుతాయి?

తమ్ముడు: ముందు తరానికి చాలా దక్కుతాయి. కానీ 1980లలో మొదలుపెట్టి నిన్న మానేసినవాడి ఊపిరితిత్తి ఇవాళే శుభ్రపడదు. వాడికి ప్రమాదం ఏళ్ల తరబడి ఉంటుంది. మానెయ్, అంతకు మించి నీకు చెయ్యగలిగింది లేదు అని చెప్పి పంపుతావా? బ్రిటన్‌లో 2016లో మాంచెస్టర్ పేదపేటల్లో అంగళ్ల ముందు వ్యాన్లు పెట్టారు. ఆస్పత్రి మొహం చూడనివాళ్లు బజారుకు వచ్చి స్కాన్ తీయించుకుని పోయారు. నూటికి ముగ్గురికి కేన్సర్ దొరికింది, వాటిలో 80 శాతం తొలి దశల్లో. 2022లో అక్కడి జాతీయ స్క్రీనింగ్ సంఘం దేశమంతటికీ సిఫారసు చేసింది. మనకు దూరంగా ఉన్న సంగతి కాదిది. తిరుత్తణి తాలూకా 1960 ఏప్రిల్ 1న చిత్తూరు జిల్లా నుంచి మద్రాసు రాష్ట్రంలోకి వచ్చింది. ఆనాటి నుంచీ ఈనాటి దాకా మనవాళ్లు పెద్ద జబ్బు చేస్తే బస్సెక్కి వేలూరో, మద్రాసో, తిరుపతో పోతూనే ఉన్నారు. ఒక్కసారి యంత్రమే మన దగ్గరికి రావాలంటే అంత తప్పా?

అక్క: తప్పు కాదు. యంత్రం వచ్చి బొమ్మ తీసి వెళ్లిపోతుంది. తర్వాత సూది పెట్టి ముక్క తీసేది, కోసేది, కరెంటు పెట్టేది మళ్లీ ఆ వేలూరూ మద్రాసులోనే. మద్రాసులోనే 1956లో క్షయ మీద ఒక పరిశోధన మొదలైంది, శానటోరియంలో పెట్టి మంచి తిండి పెట్టినవాళ్లకూ, ఇంట్లోనే ఉండి మాత్రలు మింగినవాళ్లకూ తేడా ఎంతని. తేడా ఏమీ లేదని తేలింది. ప్రపంచమంతా శానటోరియంలు మూసుకుంది. పెద్ద కట్టడం, పెద్ద యంత్రం ఉంటేనే వైద్యమన్న భ్రమను పగలగొట్టింది ఆ మద్రాసు పరిశోధనే.

తమ్ముడు: ఆ పరిశోధన కూడా రోగి బాగుపడ్డాడా లేదా అన్నది కళ్లెతో పాటు ఎక్స్‌రే చూసే చెప్పింది. ఇంకో సంగతి. ఎక్స్‌రే వ్యాన్లు ఊరూరా తిప్పడం ఆపండని 1974లో ప్రపంచ ఆరోగ్య సంస్థ నిపుణులే చెప్పారు. నీలాగే, వచ్చినవాడిని చూస్తే చాలన్నారు. మన దేశంలో 2019 నుంచి 2021 దాకా క్షయ సర్వే జరిగింది. అందులో దొరికిన రోగుల్లో 42.6 శాతం మందిని ఎక్స్‌రే లేకపోతే కనిపెట్టలేకపోయేవాళ్లు. వాళ్లలో దగ్గు లాంటి లక్షణాలే లేవు. ఇప్పుడు తమిళనాడులో క్షయకు మళ్లీ ఎక్స్‌రే వ్యాన్లు తిరుగుతున్నాయి. వచ్చినవాడిని మాత్రమే చూస్తామన్న మాట ఒకసారి మనల్ని ముంచింది.

అక్క: క్షయకు కుదిరింది ఎందుకంటే, వ్యాను వెనకాలే మాత్రలున్నాయి. అదే ఊరి పి.హెచ్.సి.లో, ఉచితంగా. నా మాట కూడా అదేరా. బొమ్మ వెనకాల వైద్యం ఉంటే తియ్యి. నోటి కేన్సర్, రొమ్ము కేన్సర్, గర్భాశయ ముఖద్వార కేన్సర్, ఈ మూడింటినీ ప్రభుత్వం వెతుకుతోంది. ఊపిరితిత్తిని ఆ జాబితాలో పెట్టలేదు. ఎందుకని? నోరు టార్చిలైటుతో చూడొచ్చు, మిగతా రెండూ నర్సు చూడగలదు.

తమ్ముడు: తేలికగా చూడగలిగినవే చూస్తాం అనడం సర్కారుకు సౌకర్యం. రోగికి అది న్యాయమని ఎట్లా చెబుతావు?

అక్క: 2021లో లాన్సెట్ ఆంకాలజీ వైద్యపత్రిక కమిషన్ వేసిన లెక్క నువ్వే నాకు ఒకసారి చెప్పావు. పదకొండు రకాల కేన్సర్లు, 2020 నుంచి 2030 దాకా. ప్రపంచమంతా స్కానింగ్ సౌకర్యాలు మాత్రమే పెంచితే 24.6 లక్షల చావులు తప్పుతాయి. స్కానింగ్‌తో పాటు వైద్యం, దాని నాణ్యత కూడా పెంచితే 95.5 లక్షలు. యంత్రం ఒక్కటే తెస్తే నాలుగో వంతు దక్కుతుందన్నమాట.

తమ్ముడు: 24.6 లక్షలు నీకు తక్కువగా కనిపిస్తున్నాయా? పక్క సదుపాయాలన్నీ కుదిరేదాకా వాళ్లను పోనిద్దామా? యంత్రం వస్తే రోగులు బయటపడతారు. రోగులు బయటపడితే డాక్టర్లను అడగడానికి జనం లేస్తారు. ముందు డాక్టర్లు, తర్వాత యంత్రం అని కూచున్న చోట రెండూ రాలేదు.

అక్క: ముందు యంత్రం అని తెచ్చి గుడ్డ కప్పి పెట్టిన ఆస్పత్రులూ నేను చూశాను. చదివి చెప్పే రేడియాలజిస్టు లేక.

తమ్ముడు: అది నిజం. ఇంకో నిజం కూడా మా వైపు నుంచే చెబుతాను, నీ వాదానికి బలం అవుతుందని తెలిసినా. పెట్ స్కాన్‌లో చక్కెర లాంటి మందు ఎక్కించి, ఎక్కడ మెరిస్తే అక్కడ కేన్సర్ పాకిందంటాం. మన దేశంలో క్షయ ఉన్న గ్రంథి కూడా అట్లాగే మెరుస్తుంది. ఛాతీ మధ్యలో గ్రంథులు మెరిశాయని, కేన్సర్ అక్కడిదాకా పాకిందని, కోసి నయం చేయగల మనిషిని ఆపరేషన్‌కు పనికిరాడని పంపేసే ప్రమాదం ఉంది. సూది పెట్టి ఆ గ్రంథిని నిజంగా పరీక్షించకుండా ఒట్టి బొమ్మతో తీర్పు చెప్పకూడదు. ఇక్కడ బొమ్మ ఎక్కువ నమ్మితే ప్రాణం పోతుంది.

అక్క: ఇంత తెలిసీ వ్యాను కావాలంటావు.

తమ్ముడు: కావాలనే అంటాను. మొదట ఒకే తాలూకాలో, బీడీ, సిగరెట్ ఏళ్ల తరబడి తాగిన యాభై దాటినవాళ్లకే. మచ్చ దొరికినవాడి వెంట చివరిదాకా తిరగడానికి ఒక నర్సు, రానూపోనూ బస్సు ఖర్చు, పోయిన రోజు కూలి, అన్నీ వ్యాను లెక్కలోనే రాయాలి. మన జనంలో, ఇన్ని క్షయ మచ్చల మధ్య ఇది ఎంతవరకు పనిచేస్తుందో మనమే తేల్చుకోవాలి. అమెరికా అంకె నాకు వద్దు, నీకూ వద్దు. తీయకుండా కూచుంటే మన అంకె ఎప్పటికీ రాదు.

అక్క: అంత రాస్తే ఆలోచిస్తాను, ఒప్పుకున్నానని మాత్రం అనుకోకు. మూడు వారాలు దాటి దగ్గుతున్నవాడికి, కళ్లెలో రక్తం చూసినవాడికి, టి.బి. మాత్రలకు లొంగనివాడికి వారంలోపు సి.టి., ఆ పై వారంలో ముక్క పరీక్ష జరిగే రోజు వచ్చేదాకా నా ఓటు వ్యానుకు పడదు.

తమ్ముడు: ఈలోగా క్షయ వ్యాన్లు ఇప్పటికే తీస్తున్న ఎక్స్‌రేలున్నాయి. వాటిని కంప్యూటరే చదివి క్షయ ఉందో లేదో చెప్పొచ్చని 2021లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఒప్పుకుంది. ఎక్స్‌రేలో చిన్నవి దొరకవన్నాను, పెద్దవి దొరుకుతాయి. క్షయ కాదని పక్కన పెట్టిన ఫిల్మును గడ్డ కోసం ఇంకోసారి చూస్తే పోయేదేముంది?

అక్క: చూడొచ్చు. గడ్డ ఉందని తేలితే ఆ మనిషికి ఫోన్ చేసేది ఎవరో ముందు పేరు రాసి పెట్టండి. లేకపోతే అది కంప్యూటర్‌లోనే ఉండిపోతుంది. మనమిద్దరం తగాదా లేకుండా చెప్పగలిగింది ఒకటుందిరా, అది వ్యాను వచ్చినా రాకపోయినా చెయ్యొచ్చు. పాత ఎక్స్‌రే, పాత స్కాన్.

తమ్ముడు: అవును. రెండేళ్ల కిందటి ఫిల్ములో అదే చోట, అదే సైజులో గట్టి మచ్చ ఉంటే అది పాత గాయమే అని నేను అక్కడికక్కడే చెప్పగలను. ఫిల్ము లేకపోతే అదే మనిషిని మూడు నెలలకోసారి తిప్పాలి, లేదా సూది పెట్టాలి. మా గదికి వచ్చేవాళ్లలో ఎక్కువమంది పాతవి తీసుకురారు. జబ్బు తగ్గింది కదా అని పారేస్తారు, కొందరు ఇంట్లో పెట్టుకుంటే అరిష్టమంటారు.

అక్క: అయితే ఇది చదివేవాళ్లకు నా తరఫున రాయి. ఎప్పుడో క్షయ వచ్చి తగ్గినవాళ్లు, ఏ కారణానికైనా ఛాతీ ఎక్స్‌రేనో స్కానో తీయించుకున్నవాళ్లు, ఆ ఫిల్మూ సి.డి.నీ రిపోర్టుతో సహా పట్టాకాగితాలున్న పెట్టెలోనే పెట్టండి. కవరు మీద తేదీ వేయండి. ఆస్పత్రికి ఏ దగ్గుతో పోయినా అది చేతిలో ఉండాలి. డాక్టరు అడగకపోయినా మీరే తీసి ముందు పెట్టండి.